డార్క్ అర్బన్ ఫాంటసీ నవల రాయడం ఎలా: నగరం, నాయిక, ప్రేమ ఒకే ముడిలో పడేదాకా

"మన ఊళ్లో జరిగే చీకటి ఫాంటసీ రాయాలనుంది, ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. వీళ్లలో చాలామంది ఇప్పటికే మొదలుపెట్టి, పదో అధ్యాయం దగ్గర ఆగిపోయినవాళ్లు. ఆ రాతప్రతులు చదివితే అన్నీ ఒకే కారణంతో ఆగినట్టు కనిపిస్తుంది. నగరం ఒక దారిన, మాయ ఇంకో దారిన, ప్రేమ మూడో దారిన పోతుంటాయి. మూడూ ఎక్కడా కలవవు.

అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది: నాయిక తన శక్తికి చెల్లించే మూల్యమే ఆమె ప్రేమకు అడ్డుపడాలి. ఈ ముడి పడితే మిగతా సమస్యల్లో సగం వాటంతట అవే తీరతాయి. వివరించడానికి హైదరాబాద్‌లో జరిగే ఒక నమూనా కథను మొదటి నుంచి చివరిదాకా వాడుతున్నాను.

## 1. ముందుగా ఒక్క వాక్యం

పాత్రల పేర్లు, కవర్ పేజీ, పార్ట్ 2 ఆలోచనలు అన్నీ పక్కన పెట్టండి. ఈ ఖాళీలు నింపండి:

ఫలానా నగరంలో, ఫలానా పని చేసే ఫలానా అమ్మాయి, తన శక్తి వాడినప్పుడల్లా ఫలానాది పోగొట్టుకుంటుంది. ఆమె ప్రేమించిన మనిషికి దెబ్బ తగిలేది కూడా అక్కడే.

మన నమూనా ఇది. హైదరాబాద్‌లో సర్వేయర్‌గా పనిచేసే రేణుక, పూడ్చేసిన ఒక చెరువుకు ఏటా ఆషాఢం ముగిసేలోపు ఒక మనిషి పేరు చెప్పాలి. చెప్పకపోతే నీరు కాలనీ మీదికి వస్తుంది. ఆమె మనసుపడిన నర్సింగ్ గజ ఈతగాడు, నీళ్లలో మునిగినవాళ్లను బయటికి తీయడమే అతని పని. కిందటేడు అతను తీసిన శవాల్లో ఒకటి సొంత తమ్ముడిది. ఆ పేరు చెప్పింది రేణుకే.

ఆమె నీటికి ఇస్తుంది, అతను నీటి నుంచి తీస్తాడు. ఇద్దరి మధ్య గొడవ పెట్టడానికి వేరే విలన్ అక్కర్లేదు.

ఇప్పుడు ఒక పరీక్ష. మీ వాక్యంలోంచి ప్రేమికుణ్ణి తీసేయండి. కథ అలాగే నడిచిపోతే ముడి ఇంకా పడలేదన్నమాట. ఈ వాక్యం కుదిరేవరకు రెండో మెట్టు ఎక్కకండి, వారం పట్టినా సరే.

## 2. నగరంలో ఒక పాత గాయం వెతకండి

అర్బన్ ఫాంటసీలో, అంటే నిజమైన నగరంలో మాయ జరిగే కథలో, నగరమే కథను పుట్టించాలి. చార్మినార్, ఇరానీ చాయ్, హైటెక్ సిటీ లైట్లు పెట్టినంత మాత్రాన హైదరాబాద్ రాదు. ఆ ఊరు ఏం పోగొట్టుకుంది, దేన్ని కప్పిపెట్టింది అని అడగండి.

హైదరాబాద్ విషయంలో నాకు కనిపించేది నీళ్లు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. 1990లో హుస్సేన్ సాగర్‌లోకి తీసుకెళ్తున్న బుద్ధ విగ్రహం మునిగి ప్రాణాలు పోయాయి. ఆ విగ్రహం 1992 దాకా నీటి అడుగునే ఉంది. 2020 అక్టోబర్ వానలకు చెరువులు తెగి కాలనీలు మునిగాయి. మాసాబ్ ట్యాంక్‌లో ఇప్పుడు చెరువు లేదు, ట్రాఫిక్ ఉంది.

వీటిని వరసగా పెట్టి చూస్తే ఒక ఫాంటసీ నియమం తనంతట తానే పుడుతుంది: నీరు తన హద్దు మరిచిపోదు. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన నేల) అనే మాటలు ఇవాళ ఫ్లాట్ కొనే ప్రతివాడి నోటా ఉన్నాయి. ఆఫీసు ఫైళ్లలోని ఆ మాటే మీ నవలలో శాపం అవుతుంది.

మీది వేరే ఊరైతే అక్కడి గాయం వెతకండి. రాజమండ్రిలో 1997లో రైళ్లు ఆగిపోయినా గోదావరి మీద నిలబడే ఉన్న హేవలాక్ వంతెన ఉంది. విజయవాడకు 2024 సెప్టెంబర్‌లో ఆ ఊరిని ముంచేసిన బుడమేరు వాగు ఉంది. తెలియని ఊరి జోలికి మాత్రం వెళ్లకండి. గూగుల్ మ్యాప్ చూసి రాసిన వీధిని అక్కడివాళ్లు ఒక్క పేరాలో పట్టేస్తారు.

క్షేత్ర పరిశీలన చెక్‌లిస్ట్:

- కథలో ముఖ్యమైన చోట్లు ఐదుకు మించకుండా ఎంచుకోండి.
- ప్రతి చోటికీ పొద్దున, సాయంత్రం, రాత్రి ఒక్కోసారి వెళ్లండి. రాత్రి ఒంటరిగా వద్దు.
- ముందు వాసన, తర్వాత శబ్దం, చివర వెలుతురు రాసుకోండి. కళ్లకు కనిపించేది ఎలాగూ గుర్తుంటుంది.
- ఆ వేళకు అక్కడ ఎవరు పని చేస్తున్నారో చూడండి: స్వీపర్, వాచ్‌మన్, పాల వ్యాన్ డ్రైవర్. మీ చీకటి ప్రపంచానికి సాక్షులు వీళ్లే.
- అర్ధరాత్రి మెట్రో దొరకదు. నాయిక ఇంటికి ఎలా వెళ్తుందో ముందే తేల్చుకోండి.

రోడ్లు, వంతెనలు, పండుగలు అసలైనవే వాడండి. తప్పు జరిగే చెరువు, అపార్ట్‌మెంట్, కంపెనీ, ఆసుపత్రి మాత్రం కల్పించండి.

## 3. మాయకు ఐదు లైన్ల చట్టం

ఎక్కువమంది ఇక్కడ యాభై పేజీల ప్రపంచ చరిత్ర రాసి అలిసిపోతారు. ఐదు లైన్లు చాలు. రేణుక కథకు ఇవి:

1. తన చెయ్యి తగిలిన మనిషి పేరు మాత్రమే ఆమె నీటికి చెప్పగలదు.
2. ఏడాదికి ఒక్క పేరు. ఆషాఢం దాటకూడదు.
3. చెప్పిన పేరు వెనక్కి తీసుకోవడం కుదరదు.
4. గడువు దాటితే నీరు వస్తుంది. మొదట ఆమె తాకినవాళ్ల ఇళ్లలోకి వస్తుంది.
5. పేరు చెప్పిన ప్రతిసారీ ఆ మనిషి చివరి జ్ఞాపకం ఆమెకు అంటుకుంటుంది. అది పోదు.

మొదటి నియమం చూడండి. అది మాయ గురించిన నియమమే, కానీ ప్రేమకథకు కావలసిన టెన్షన్ అంతా దానిలోనే ఉంది. రేణుక ఎవరిని కాపాడుకోవాలనుకుంటే వాళ్లను తాకకూడదు. మీ ఐదింటిలో కనీసం ఒకటి ఇలా రెండు పనులూ చేయాలి.

డార్క్ అంటే నెత్తురు అనుకుని ప్రతి అధ్యాయంలో ఒక శవం పడేస్తే మూడో శవానికే పాఠకుడికి అలవాటైపోతుంది. చీకటి మూల్యంలో ఉంటుంది. ఐదో నియమం వల్ల రేణుక తనకు తెలియని వంటింట్లో, తనకు తెలియని పిల్లలకు అన్నం కలిపిపెట్టిన జ్ఞాపకంతో నిద్రలేస్తుంది. ఆ ఒక్క పేరా పది హత్యల కంటే బరువు.

జీవులను ఎంచుకునేటప్పుడు మన దగ్గరున్నవి ముందు చూడండి. కొరివి దెయ్యం, కామినీ పిశాచం, బ్రహ్మరాక్షసుడు, యక్షిణి, పాతబస్తీ కథల్లోని జిన్నులు ఉన్నాయి. ఒక్కోదానికి తనదైన ఆకలి, తనదైన హద్దు ఉంటాయి. రక్తం తాగే విదేశీ దొరను బంజారాహిల్స్‌కు తేవాలంటే అతను ఎందుకు వచ్చాడో గట్టి కారణం ఉండాలి.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి.

చెరువు గట్టు తెగకుండా కాపాడుతుందని నమ్మి పూజించే కట్ట మైసమ్మ ఇవాళ్టికీ జనం మొక్కే దేవత. ఆమెను నరబలి కోరే భూతంగా మార్చకండి. మన నమూనాలో ఒప్పందం చేసింది మనిషి. చెరువు పూడ్చేటప్పుడు రేణుక తాత డబ్బు తీసుకుని, గట్టు మీది గుడిని కదిలించడానికి ఒప్పుకున్నాడు. కాపలా పోయాక మిగిలిన నీటితో బేరం కుదుర్చుకున్నాడు. తప్పు మనిషిదైతే కథ ఇంకా చీకటిగా ఉంటుంది.

రెండోది బాణామతి, చేతబడి. ఈ అనుమానంతో మన పల్లెల్లో ఇప్పటికీ మనుషుల్ని కొడుతున్నారు, చంపుతున్నారు. పేద ముసలమ్మ చేతబడి చేసిందని, అది నిజమేనని తేల్చే కథ రాయకండి. ఆ నింద మోసినవాళ్ల వైపు నుంచి రాస్తే మాత్రం దానిలో గొప్ప నవల ఉంది.

## 4. నాయిక: రెండు వైపులా న్యాయం ఉండాలి

ఊగిసలాడే నాయిక అంటే నిర్ణయం తీసుకోలేక కిటికీ దగ్గర నిలబడే అమ్మాయి కాదు. రెండు వైపులా న్యాయం ఉండి, ఏది చేసినా ఎవరికో ఒకరికి అన్యాయం జరిగే చోట నిలబడ్డ మనిషి. పాఠకుడు "అది చేసేస్తే సరిపోయేదిగా" అని సులువుగా అనగలిగితే మీ సంఘర్షణ ఇంకా బలహీనంగా ఉంది.

ఒక కాగితాన్ని నిలువుగా మడవండి. ఎడమవైపు "పేరు చెప్పాలి" అనడానికి కారణాలు, కుడివైపు "చెప్పకూడదు" అనడానికి కారణాలు రాయండి. రెండు వైపులా సమానంగా, మీకే నమ్మకం కలిగేలా వచ్చేదాకా రాయండి.

తర్వాత ఆమె ఇప్పటిదాకా తీసుకున్న నిర్ణయాల నిచ్చెన. ఒక్కో మెట్టూ ముందుదానికంటే జారుడుగా ఉండాలి.

- మొదటి ఏడు: వెంటిలేటర్ మీద ఉన్న ముసలాయన చెయ్యి పట్టుకుని పేరు చెప్పింది. ఎలాగూ పోయేవాడే కదా అనుకుంది.
- రెండో ఏడు: పెళ్లాన్ని కొడుతున్న పక్కింటివాడి చెయ్యి ఆపింది. ఆ రాత్రే అతని పేరు చెప్పింది. న్యాయమే చేశాననుకుంది.
- మూడో ఏడు: గడువు దగ్గరపడింది, ఎవరూ దొరకలేదు. సర్వే నోటీసు అందిస్తుంటే చెయ్యి తగిలిన కుర్రాడి పేరు చెప్పింది. అతనే నర్సింగ్ తమ్ముడు. ఏమీ అనుకోలేదు.

ఆ మూడో మెట్టు దగ్గర "ఏమీ అనుకోలేదు" అన్న మాటే ఆమె పతనం. నవల నాలుగో ఏడు మొదలవుతుంది. పాత మూడేళ్లను మొదటి అధ్యాయంలోనే చెప్పేయకండి. ఒక్కోటి ఒక్కో చోట, ఆమెకు తప్పించుకునే దారి లేనప్పుడు బయటపడాలి.

ఆమె ఉద్యోగం కూడా సంఘర్షణలో భాగం కావాలి. రేణుక పగలు చెరువు హద్దు రాళ్లకు ఎర్ర రంగు వేయిస్తుంది. నీరు ఎక్కడిదాకా ఉండేదో ఆమెకు మీటర్లలో తెలుసు. ఆఫీసులో ఆ గీతను పది మీటర్లు జరపమని ఒత్తిడి వస్తే ఏం చేస్తుంది? ఇలాంటి పగటి ప్రశ్న ఒకటి ఉంటే రాత్రి మాయకు నేల దొరుకుతుంది.

నాయిక చెక్‌లిస్ట్:

- ఆమె ఎవరికీ చెప్పని పని ఒకటి ఉందా?
- తనకు తాను చెప్పుకునే అబద్ధం ఒక్క వాక్యంలో రాయగలరా?
- ఆమె తప్పు వల్ల నష్టపోయిన మనిషి కథలో కళ్లెదుట ఉన్నాడా?
- అమ్మతోనో అక్కతోనో ఆమె మాట్లాడే మామూలు సంభాషణ ఒకటైనా ఉందా? జీతం, గ్యాస్ బండ, పెళ్లి సంబంధం గురించి.

## 5. ప్రేమ: దగ్గరయ్యేకొద్దీ ప్రమాదం పెరగాలి

ప్రేమ సన్నివేశాలన్నీ విడిగా ఒక కాగితం మీద వరసగా రాయండి. ప్రతి మెట్టు పక్కనా "ఇప్పుడు ఏ ప్రమాదం పెరిగింది?" అని రాయండి. జవాబు లేని సన్నివేశాన్ని కొట్టేయండి, ఎంత అందంగా వచ్చినా సరే.

మన నమూనా నిచ్చెన:

1. గట్టు మీద పరిచయం. అతను తమ్ముడు పోయిన చోటు వెతుకుతున్నాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు, అతనెవరో ఆమెకు తెలిసిపోయింది.
2. అతనికి సాయం చేస్తున్నట్టు నటిస్తుంది. నిజానికి ఆధారాలు దాస్తోంది.
3. నటన నిజమవుతుంది. తాకకుండా జాగ్రత్తపడడం మొదలుపెడుతుంది.
4. ఆమె నీళ్లలో పడుతుంది. అతను మణికట్టు పట్టుకుని లాగుతాడు. ఇప్పుడు అతని పేరూ నీటికి తెలుసు.
5. తమ్ముడి జ్ఞాపకంలోని ఒక మాట ఆమె నోట జారుతుంది. అది తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియని మాట.
6. అతను వెళ్లిపోతాడు. ఆషాఢం ముగియడానికి మూడు రోజులే మిగులుతాయి.

నాలుగో మెట్టు నవలకు నడిమధ్య పడాలి. మొదటి స్పర్శ కోసం పాఠకుడు సగం పుస్తకం ఎదురుచూశాడు. అది జరిగిన క్షణమే భయం పుట్టాలి.

తెలుగులో రాసేవాళ్లకు సంబోధన గొప్ప పనిముట్టు. "మీరు" నుంచి "నువ్వు"కు ఎప్పుడు మారతారు, ఎవరు ముందు మారతారు, గొడవయ్యాక ఎవరు మళ్లీ "మీరు"కు వెళ్తారు అనేది ముందే ప్లాన్ చేయండి. ఉదాహరణకు:

"మీరు రోజూ వస్తరేంది ఇక్కడికి?" నర్సింగ్ తువ్వాలు పిండుతూ అడిగాడు.

"రాళ్లు చూసుకోవాలె. డ్యూటీ."

"రాత్రి పదకొండింటికా?"

ఆమె జవాబు చెప్పలేదు. అతను చాయ్ కప్పు గట్టు మీద ఆమె వైపు జరిపాడు. "తాగు. చల్లారిపోతది."

రేణుక అతని చెయ్యి కప్పు వదిలేదాకా ఆగింది. తర్వాతే తీసుకుంది.

ఇక్కడ ప్రేమ అన్న మాట లేదు, అందం వర్ణన లేదు. నియమం తెలిసిన పాఠకుడికి ఆ ఆగడంలోనే అంతా అర్థమవుతుంది.

అబ్బాయి వెంటపడి విసిగించడం, వద్దన్నా వదలకపోవడం ప్రేమ కింద రాయకండి. చీకటి కథ అయినంత మాత్రాన బలవంతానికి మినహాయింపు ఉండదు. నర్సింగ్‌కు ఆమె చెయ్యి పట్టుకోవాలనుంటుంది, ఎందుకు తప్పుకుంటుందో తెలియదు, అయినా అడిగి ఊరుకుంటాడు. ఆ ఓపిక అతని మీద మనకు ప్రేమ పుట్టిస్తుంది, రాబోయే దెబ్బను మరింత పెద్దది చేస్తుంది.

## 6. కథకు గడియారం పెట్టండి

గడువు లేని చీకటి కథ సాగదీసినట్టు అవుతుంది. మన పండుగల క్యాలెండర్‌లో సిద్ధంగా ఉన్న గడియారాలు చాలా ఉన్నాయి.

ఆషాఢం చూడండి. గోల్కొండలో బోనాలు మొదలవుతాయి, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజ. సికింద్రాబాద్ బోనాల మర్నాడు రంగం: పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతారు. చివర్లో పాతబస్తీ ఘటాల ఊరేగింపు మూసీ వైపు, నయాపూల్‌కు చేరుతుంది. కొత్త దంపతులను విడిగా ఉంచే నెల కూడా ఇదే. దూరంగా ఉండాల్సిన ఇద్దరి కథకు ఇంతకంటే సరైన నెల దొరకదు.

30 అధ్యాయాల పంపకం ఇలా ఉండొచ్చు:

- 1–7: గోల్కొండ బోనాలు, చట్టం పరిచయం, ఇద్దరి కలయిక.
- 8–15: పగటి ఒత్తిడి, రాత్రి వెతుకులాట. 15లో స్పర్శ.
- 16–23: రంగం, పాత పాపాలు ఒక్కోటి బయటపడడం. 23లో నిజం తెలియడం.
- 24–30: వాన, గడువు, ఆఖరి పేరు.

ముగింపును ముందే రాసుకోండి. రేణుకకు కొత్త శక్తి రావడం, దేవత దిగివచ్చి రక్షించడం ఒప్పుకోకండి. ఐదు నియమాల్లోనే దారి దొరకాలి. తన చేతిని తానే తాకింది కాబట్టి తన పేరూ చెప్పగలదు. కానీ నర్సింగ్ గజ ఈతగాడు, మునిగినవాళ్లను వదిలిపెట్టే మనిషి కాదు. ఇక అతనేం చేస్తాడన్నది మీ చేతుల్లో ఉంది.

## 7. మొదటి ప్రతి

తెలుగులో 50 నుంచి 60 వేల పదాలు నిండైన నవలే. రోజుకు 500 పదాలైతే దాదాపు నాలుగు నెలలు. వెనక్కి వెళ్లి దిద్దకండి. మార్చాలనుకున్నది పక్క నోట్‌బుక్‌లో రాసి ముందుకు పోండి.

కథనం మామూలు రాత భాషలో, మాటలు ఆ మనిషి యాసలో ఉంచండి. కథనం కూడా యాసలో రాయొచ్చు, కానీ చివరిదాకా నిలబెట్టగలిగితేనే. సగంలో జారితే చదివేవాళ్లకు గుచ్చుకుంటుంది.

ప్రతి సన్నివేశానికి ముందు మూడు ప్రశ్నలు: ఆమెకు ఏం కావాలి? ఎవరు అడ్డు? సన్నివేశం అయ్యేసరికి ఏది తిరిగి సరిచేయలేనిదిగా మారింది?

## 8. తరచూ చూసే లోపాలు, మరమ్మతులు

నాయిక అందరితో దురుసుగా మాట్లాడుతుంది, అదే బలం అనుకుంటారు. ఆమెతో ఒక కష్టమైన పని చేయించండి. మాటలు తగ్గించండి.

పేజీల కొద్దీ మథనం. ప్రతి సందేహాన్ని ఒక చర్యగా మార్చండి. "తప్పు చేశానా" అని ఆలోచించే రేణుకను నర్సింగ్ ఇంటి గుమ్మం దాకా నడిపించండి. అక్కడ తమ్ముడి చెప్పులు ఇంకా ఉన్నాయి.

ఒక ముసలి గురువు వచ్చి నియమాలన్నీ చెప్పేస్తాడు. నియమాన్ని ఎవరో ఉల్లంఘించినప్పుడు చూపించండి. జరిగిన నష్టం చూసి పాఠకుడే గ్రహిస్తాడు.

చీకటి నిండా విశేషణాలు. "భయంకరమైన, వికృతమైన" అన్నవి కొట్టేసి అక్కడ ఉండకూడని ఒక్క వివరం పెట్టండి: ఐదో అంతస్తు ఫ్లాట్‌లో, వాన లేని రోజున, గోడకు మోకాలెత్తున నాచు.

నగరం మొదటి అధ్యాయం తర్వాత మాయమవుతుంది. ప్రతి మూడు అధ్యాయాలకు ఒకసారి, ఆ ఊళ్లో తప్ప ఇంకెక్కడా జరగని సంఘటన ఒకటి ఉండేలా చూడండి.

ఇద్దరు మగవాళ్ల మధ్య ఊగిసలాట. రెండోవాడు అందంగా ఉంటే చాలదు. అతను ఆమె మరో న్యాయానికి ప్రతినిధి కావాలి. కాకపోతే తీసేయండి.

## 9. తిరగరాత: మూడు చదువులు

ప్రతి పూర్తయ్యాక రెండు వారాలు ముట్టుకోకండి. తర్వాత మూడుసార్లు చదవండి, ఒక్కోసారి ఒక్కటే చూడండి.

మొదటిసారి చట్టం. ఐదు నియమాల కాగితం పక్కన పెట్టుకుని ఎక్కడ తప్పారో గుర్తించండి. రేణుక బస్సులో ఎవరినీ తాకకుండా ఎలా ప్రయాణిస్తుంది? చిల్లర ఎలా తీసుకుంటుంది? ఇలాంటి చిన్న ప్రశ్నలే నమ్మకాన్ని నిలబెడతాయి.

రెండోసారి ప్రేమ సన్నివేశాలు మాత్రమే, వరసగా. సంబోధన ఎక్కడ మారిందో రంగు పెన్నుతో గీయండి.

మూడోసారి సంభాషణలన్నీ పైకి చదవండి. నోట తిరగని వాక్యం పాత్ర నోటా తిరగదు.

## 10. చదివించే ముందు

ప్రతిలిపి లాంటి యాప్‌లో సీరియల్‌గా పెట్టాలనుకుంటే కనీసం పది అధ్యాయాలు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టండి. పుస్తకంగా వేయాలనుకుంటే ముందు సీరియల్‌గా పెట్టడం గురించి ప్రచురణకర్తను అడగండి.

కథలో నీళ్లలో దూకడం, ఆత్మహత్య ఉంటే మొదటి పేజీలోనే హెచ్చరిక పెట్టండి. ఎలా చేశారన్న వివరాలు రాయకండి. ఆ క్షణం తర్వాత మిగిలినవాళ్ల మీద రాయండి.

చివరగా ముగ్గురికి ఇవ్వండి: ఫాంటసీ చదివేవారు ఒకరు, ప్రేమకథలు చదివేవారు ఒకరు, ఆ ఊళ్లో పుట్టి పెరిగినవారు ఒకరు. "బాగుందా?" అని అడగకండి. ఈ మూడు అడగండి:

- ఎక్కడ ఫోన్ వైపు చూశారు?
- ఆమె చేసినదాన్ని మీరైతే చేసేవారా?
- అతను ఆమెను క్షమించాలా?

మూడో ప్రశ్నకు ముగ్గురూ ఒకే జవాబు చెబితే నాలుగో విభాగంలోని మడతపెట్టిన కాగితం మళ్లీ తీయండి. ఒకవైపు కారణాలు ఇంకా తక్కువ ఉన్నాయి.